కేలండర్‌లో రాయకూడని తాళం

ఆదివారం. పొద్దుటి పనులు: పాల లెక్క ముప్పై రెండు ఇళ్లు, దోసెపిండి రుబ్బడం, రెండు బకెట్ల బట్టలు, మేడమీద చింతపండు ఎండబెట్టడం. నాలుగో పని సగంలో ఉండగా ఫోను వచ్చింది. కుప్పంలో కూతురింటికి వెళ్లిన మా ఎదురింటి అన్న నిద్రలోనే పోయారు.

పుంగనూరులో మా వీధి ఆడవాళ్లం పాలకేంద్రం నడుపుతున్నాం. లెక్కలు నేను చూస్తాను. అన్న మదనపల్లెలో, మా పాలు కొనే డెయిరీ ఆఫీసులో కంప్యూటర్లు చూసేవారు. డెయిరీ సాఫ్ట్‌వేర్ మా ఫోన్లలో సరిగా తెరుచుకోవడం లేదని, మాకోసం తెలుగులో చిన్న ప్రోగ్రాం రాసిచ్చారు. నొక్కితే ఎవరు ఎన్ని లీటర్లు పోశారో డెయిరీ సర్వర్‌కు చేరుతుంది. చేరకపోతే ఆ పూట పాలు ఎవరివో అక్కడ తెలియదు. అందుకే సాయంత్రం మదనపల్లె బస్సు దిగగానే, ఇంటికి పోకుండా మా గేటు దగ్గర నిలబడేవారు. "ఈపొద్దు అన్నీ పోయినాయా సెల్లెమ్మా?"

"నీ పాస్‌వర్డే దాంట్లో పెట్టేస్తే సరిపోతాది గదన్నా?" అని ఒకసారి అడిగాను.

"రేపు నా పేరు ఆడ తీసేస్తే? మీ లెక్కలు గూడా ఆగిపోతాయి. ప్రోగ్రాముకు దాని పేరు దానికుండాల, దాని తాళం దానికుండాల."

తాళమంటే పొడవాటి రహస్య సంకేతం. ప్రోగ్రాం దాన్ని చూపిస్తే సర్వర్ గంటసేపు పనిచేసే టోకెన్ ఇస్తుంది. అది చూపించాకే లెక్కలు తీసుకుంటుంది. నాకు అర్థం కాలేదు.

"కొండమింద దర్శనానికి పోతే ప్రతి గేటుకాడా ఆధారు సూపిస్తావా? ఒకతూరి సూపిచ్చి టోకెన్ తీసుకుంటావు. ఇదీ అంతే," అన్నారు.

మొదటి తాళాన్ని నేను గోడమీది కేలండర్‌లో, గ్యాసు వచ్చిన తేదీ పక్కన రాసిపెట్టాను. మరిచిపోకూడనివన్నీ మా ఇంట్లో అక్కడే రాస్తాం. కాఫీకి వచ్చిన అన్న కంట అది పడింది.

"పాలు పోసేవాళ్లంతా తలకాయెత్తి సూసేది దీన్నే గదమ్మా! మైకు పెట్టి సెప్పింటే ఇంకా బాగుండు."

నవ్వుతూనే గ్లాసు పక్కన పెట్టి, ఆ తాళాన్ని రద్దు చేసి కొత్తది ఇచ్చారు. కాఫీ చల్లారిపోయింది. అప్పటినుంచీ, తాళం మార్చాల్సిన తేదీ మీద చుక్క మాత్రమే పెట్టేదాన్ని.

ఆరునెలలకోసారి మార్చాలి. ఆ అనుమతి నాకూ ఇప్పించారు. భయంతో ప్రతిసారీ ఆయననే పిలిచేదాన్ని.

"ఈతూరి నేను చేస్తాండా. నువ్వు ఒకటి బాకీ ఉండావు, రాసుకో," అనేవారు. నిజంగానే నోటుబుక్కులో రాసుకున్నాను.

ఈసారి చుక్క మంగళవారం మీద ఉంది. సోమవారం కుప్పం వెళ్లి అన్నను సాగనంపి వచ్చాం. ఆరోజే డెయిరీలో ఆయన పేరు తీసేశారట. మంగళవారం పొద్దున క్యాను దించుతూ పక్కింటావిడ అడిగింది.

"ఆయప్పే పోయినాడు. ఆయప్ప చేసింది ఇంక పనిచేస్తాదా అక్కా?"

కొత్త తాళం తయారుచేశాను. ప్రోగ్రాంలో పెట్టాను. "కొత్తది పనిచేసేదాంకా పాతదాన్ని తీయొద్దు" అని ఆయన ప్రతిసారీ చెప్పేవారు, తీయలేదు. నొక్కాను. అనుమతి లేదని వచ్చింది. కళ్లు తుడుచుకుని చూస్తే, కాపీ చేయడంలో చివరి అక్షరం వదిలేశాను. సరిచేసి మళ్లీ నొక్కాను. ముప్పై రెండు పేర్ల పక్కనా పచ్చ టిక్కులు ఒక్కొక్కటే పడ్డాయి. అప్పుడు పాతదాన్ని తీసేశాను.

సాయంత్రం మదనపల్లె బస్సు హారన్ వినబడితే గేటు దాకా వెళ్లాను. బస్సు దిగినవాళ్లంతా ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

"అన్నీ పోయినాయన్నా," అన్నాను.

లోపలికి వచ్చి నోటుబుక్కు తెరిచాను. ఎదురింటి అన్నకు బాకీ, తాళం మార్పులు మూడు. దానికింద రాశాను: మంగళవారం ఒకటి చెల్లు.