ఫాస్ట్, క్విక్... సువార్త చెప్పిన తేడా

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా... ఒకరోజు ఇంగ్లీషు మాస్టారు బోర్డు మీద ‘ఫాస్ట్’, ‘క్విక్’ అని పక్కపక్కనే రాసి, "రెండూ వేగమే. మరి తేడా ఏమిటి?" అని అడిగారు.

గుండుగొలను బడిలో మా క్లాసంతా తలలు దించుకుంది...

నా పక్కన సువార్త కూర్చునేది. కొల్లేటి లంక నుంచి పడవలో రేవుకి వచ్చి, అక్కణ్ణించి నడిచి బడికి చేరేది. లేచి మాట్లాడాలంటే మహా బెరుకు. నా చెవిలో మెల్లగా అంది...

"గాలి కలిసొస్తే మా నాన్న పడవ రేవు దాకా ఒకే జోరు మీద పోద్ది చూడు, అది ఫాస్టు. లకుముకిపిట్ట బుడుంగున మునిగి చేపతో లేచిపోద్దే... అది క్విక్కు."

నేను చటుక్కున లేచి అదే అప్పజెప్పాను. మాస్టారి ముఖం వెలిగిపోయింది.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"నాకే తోచిందండి."

సువార్త నా వైపు చూసింది.

ఆ ఏడాది ఏలూరులో జరిగే ఇంగ్లీషు పోటీకి మాస్టారు నన్నే ఎంచారు. రోజూ బడి అయ్యాక కూర్చోబెట్టి చదివించారు. తన డిక్షనరీ నాకే ఇచ్చేశారు. కిటికీలోంచి చూస్తే, సంచి భుజాన వేసుకుని సువార్త రేవు వైపు వెళ్లిపోతూ కనిపించేది. "తనను కూడా కూర్చోబెట్టండి మాస్టారూ" అని ఒక్క మాట అనలేకపోయాను.

తొమ్మిదిలో ఆమె బడి మానేసింది... చేపల చెరువు పనికి.

నేను తాడేపల్లిగూడెంలో ఇంగ్లీషు టీచర్నయ్యాను.

మొన్న ఏలూరు బస్టాండులో సువార్త కనిపించింది. నేనే గుర్తుపట్టి చేయి పట్టుకున్నాను. ఆ జవాబు నీదే, నేను అబద్ధమాడాను అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

ఒకప్పుడు నన్ను ‘ఏమే’ అని పిలిచిన సువార్త నవ్వేసింది.

"నాకంత ఇంగ్లీషు ఎక్కడొచ్చండి టీచర్‌గారూ! మీరే చెప్పుంటారు."

ఎంత చెప్పినా నమ్మలేదు. గణపవరం బస్సు రాగానే "ఉంటానండీ" అంటూ ఎక్కేసింది.

క్షమించమని అడుగుదామనుకున్నాను... తనకు అన్యాయం జరిగిందనే తెలియని మనిషిని ఏమని అడగను?

ఇప్పుడు మా బడి పిల్లలు ఇలాంటి తేడాలన్నీ ఫోను చూసి క్షణంలో చెప్పేస్తున్నారు. పక్కవాళ్ల చెవిలో చెప్పే అవసరమే లేదు... అయినా ఎవరైనా లేచి జవాబు చెబితే, పక్కన కూర్చున్న పిల్ల ముఖం కూడా చూస్తుంటాను.

మీకు పేరు తెచ్చిన మాట నిజానికి ఇంకొకరిదైతే... వాళ్లకి గుర్తున్నా లేకపోయినా, ఇక్కడ కింద వాళ్ల పేరు రాయండి.

నేను సువార్త పేరు పైనే రాశాను.