మా బావ ఊదిన శంఖం

మా చెల్లెలి మొగుడు సబీనో కవానాది పెద్ద ఊపిరి. కుస్కో నుంచి పునో దాకా పొద్దున్నించి సాయంత్రం వరకూ పైదేశాల నుంచి చూడ్డానికొచ్చే దొరల్ని వ్యానులో కొండ ఊళ్ళు తిప్పడం మా పని. స్టీరింగు నాది, నోరు వాడిది. పదకొండేళ్ళు అలాగే గడిచింది. గుడి దగ్గర ఆపడం, రక్చీ పాతగోడల మధ్య తిప్పడం, సిక్వానిలో భోజనం, ఆ తర్వాత లా రాయ కనుమలో శంఖం, చివర్లో పుకారా మ్యూజియం. ఆ ఎత్తులో దొరలు నాలుగడుగులేసి రొప్పుతుంటే, సబీనో ఎర్ర పోంచో కంబళి తగిలించుకుని ఒక్క దమ్ములో ఊదేవాడు, నేను ముప్ఫై లెక్కపెట్టేదాకా. మా ఆఫీసువాళ్ళ ప్రకటన మీదున్నది కూడా ఆ ఫొటోయే.

వానాకాలంలో దొరలు రారు. అందుకని ఆ ఏడు రెండు నెలలు సముద్రం వైపు, ఇకా అనే ఊరికి ద్రాక్ష కోతలకి పోయాడు. తిరిగొచ్చిన రెండోరోజే నా వ్యాను ఎక్కాడు. ఒకటే దగ్గు.

"ఏంటి బావా, సముద్రం గాలి వంటబట్టిందా?" అన్నాను.

"నోర్మూసుకుని నడుపు," అన్నాడు నవ్వుతూ.

మావాళ్ళకి సొరోచె రాదు. కొండెక్కితే తలనొప్పి, వాంతులు, ఆయాసం, అదంతా కింద నుంచి వచ్చినవాళ్ళ జబ్బు. మాకు పుట్టుకతోనే ఛాతీ పెద్దది. ఇలా అనుకుంటూనే పెరిగాం, దొరలకి ఇదే చెప్పి నవ్వించాం. ఎంత పొగరు, ఛీ!

రక్చీలో వాడు గోడకి ఆనుకుని, మాట మధ్యలో ఆగి ఆగి చెప్పాడు. దొరలకి అదేదో కథ చెప్పే పద్ధతిలా అనిపించినట్టుంది, చెవులప్పగించి విన్నారు. సిక్వానిలో వాళ్ళు లోపల తింటుంటే మేమిద్దరం ఎప్పట్లాగే వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. వాడు సూపు ముట్టుకోలేదు. పెదాలు నల్లబడ్డాయి.

"బావా, ఆ ఆక్సిజన్ సీసా ఓసారి ఇప్పించు. కాసేపు పీల్చి ఇచ్చేస్తా," అన్నాడు.

వ్యానుకి ఉన్నది ఒకటే సీసా. తలనొప్పంటే పొద్దున ఒక దొరసానికి ఇచ్చాను. అడిగి తీసుకురావడం ఎంతసేపు? కానీ నేనేం చేశానో తెలుసా? వంటామెని పిలిచాను.

"డమియానా! ఇటు రావే, వింత చూద్దువుగాని. మా బావకి సొరోచె పట్టిందట!"

వంటిల్లంతా పగలబడి నవ్వింది. "అయ్యో, దొరబాబుకి కుర్చీ వెయ్యండే," అంటూ డమియానా, సొరోచె పట్టిన దొరలకిచ్చే కోకా టీ తెచ్చి, పసిపిల్లాడికి పట్టినట్టు వాడి నోటికి అందించింది. సబీనో కూడా నవ్వబోయాడు. దగ్గొచ్చింది.

"రెండు నెలలకే కోస్తావాడివైపోయావు కదరా," అన్నాను. "ఆ సీసా నీ మూతికి పెడితే రేపు డ్రైవర్లందరూ నా మొహాన ఉమ్మేస్తారు. టీ తాగు, లే."

వాడు మళ్ళీ అడగలేదు.

లా రాయలో గాలి కోసేస్తోంది. ఆ ప్రకటన చూసే వచ్చారేమో, దొరలు దిగీ దిగగానే "శంఖం, శంఖం" అని గోల. సబీనో సీట్లోంచి లేవకుండా నావైపు చూశాడు. "ఇవాళ వద్దులే" అని నేనొక్క మాటంటే అయిపోయేది. నేను హారన్ కొట్టాను.

పోంచో వేసుకుని దిగాడు. ఊదాడు. అలవాటు కొద్దీ అద్దంలో చూస్తూ లెక్కపెట్టాను. తొమ్మిది దగ్గర ఆగిపోయింది. నోటి వెంట నురగ, గులాబీ రంగుది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కొండకి మొక్కుతున్నాడనుకుని దొరలు చప్పట్లు కొట్టారు. మా అమ్మతోడు, చప్పట్లు కొట్టారు!

పరిగెత్తి ఎత్తుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టాను. దొరసాని చేతిలో సీసా లాక్కున్నాను. ఖాళీ. "పుదీనా వాసనొస్తోంటే పీలుస్తూ కూర్చున్నా," అంది బిక్కమొహం వేసుకుని. పాపం, ఆమెనేం అనగలను?

కనుమ దిగి ఆసుపత్రి ఉన్న ఊరు చేరడానికి గంట. వాడి ఛాతీలో కుండలో నీళ్ళు మరుగుతున్నట్టు చప్పుడు, నా సీటు దాకా వినపడింది. సగం దారిలో అదీ ఆగింది. అప్పుడొకాయన నా భుజం తట్టి, "పుకారా మ్యూజియం చూపిస్తారా, లేదా?" అనడిగాడు.

"ఎత్తులో పుట్టినవాళ్ళు కింద కొన్నాళ్ళుండి తిరిగొస్తే ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరుతుంటాయి," అంది డాక్టరమ్మ. "మధ్యాహ్నమే ఆక్సిజన్ పట్టి పడుకోబెట్టుంటే బతికేవాడేమో."

ఇంట్లో ఆ మాట చెప్పలేదు. గుండె ఆగిందన్నాను. సొరోచెతో పోయాడంటే జనం నవ్వుతారు మరి. అందరికంటే ముందు నవ్వినవాణ్ణి నేనే కదా.

ఎనిమిదో రోజు, మా ఆనవాయితీ ప్రకారం, పోయినవాడి బట్టలు ఉతకడానికి అందరం ఏటికి వెళ్ళాం. మా చెల్లెలు ఎర్మెలిందా చొక్కా ఒకటి రాయి మీద రుద్దుతూ, నావైపు చూడకుండానే అడిగింది.

"అన్నయ్యా, ఒంట్లో బాలేదని నీతో ఏమన్నా అన్నాడా? ఏమన్నా అడిగాడా?"

"లేదు," అన్నాను.

"అనుకున్నాలే. మొహమాటం మనిషి," అంది. "ఆ పొద్దున ఆయాసపడుతుంటే వెళ్ళొద్దన్నాను. 'పక్కన మీ అన్నయ్య ఉంటాడు కదే, ఏదన్నా అయితే చూసుకుంటాడులే' అని వెళ్ళాడు."