బొటనవేళ్ల భాగోతం

ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి ఎవరైనా సెలవు మీద వచ్చారంటే మా జగిత్యాలలో ముందు వాళ్ల చేతులే చూసేవాళ్లు. ఏ గడియారం పెట్టుకున్నారు, ఎన్ని ఉంగరాలున్నాయి, చేతిలో ఏ సెంటు సీసా ఉంది, ఇదే ఆరా. (పోయింది బహ్రెయిన్ అయినా కువైట్ అయినా మావాళ్లకు అంతా దుబాయే.) అలాంటి ఊరి నుంచి బయలుదేరి, ఏకంగా చేతులకు సోకులు చేసే దుకాణంలోనే పనికి చేరి, నా చేతుల్ని మాత్రం మూడు నెలల పాటు లోకం కంట పడకుండా దాచిన ఘనురాలిని నేను. దొంగ బంగారం దాచినవాళ్లు కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండరు.

ఎనిమిది వేళ్ల గోళ్లు బాగానే ఉండేవి. గొడవంతా రెండు బొటనవేళ్లతోనే. గోరు నడుమ మొదలు నుంచి కొస దాకా అడ్డంగా గాట్లు, ఒకదాని మీద ఒకటి, రేకుల షెడ్డు కప్పులాగా. నాకు ఏ చిన్న దిగులు పుట్టినా చూపుడువేలు తనంతట తానే పోయి బొటనవేలి గోరు మొదట్లో ఉన్న తోలును వెనక్కి నెడుతూ గీకుతుండేది. పదో తరగతి లెక్కల పరీక్షనాడు మొదలైన అలవాటు. పరీక్ష ముగిసింది గాని గీకుడు ముగియలేదు. అమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది, నేను రెండో చేత్తో గీకేదాన్ని. విచిత్రం ఏమిటంటే, ఈ గీకుడు వల్లే ఆ గాట్లు వస్తున్నాయని నాకు ఏనాడూ తట్టలేదు. ఒంట్లో సున్నం తక్కువైందని ఎవరో అంటే నమ్మి, ముక్కు మూసుకుని రోజూ గ్లాసెడు పాలు తాగాను.

మా మామూ, అంటే అమ్మ తమ్ముడు, బహ్రెయిన్‌లోని అరాద్‌లో కాపురముండి, సీఫ్‌లోని ఒక లేడీస్ సెలూన్‌కు వ్యాన్ నడిపేవాడు. ఇరవై రెండేళ్ల నన్ను ఆ సెలూన్ యజమానురాలు మేడం ముందు నిలబెట్టి, ‘మా మేనకోడలికి పార్లర్ పని మొత్తం వచ్చు’ అని చెప్పేశాడు. (నాకు వచ్చింది కనుబొమ్మలు తీయడం, మెహందీ పెట్టడం, అంతే.) మేడం బహ్రెయినీ ఆవిడ. నన్ను పైనుంచి కిందికి చూసి ఒక షరతు పెట్టింది. మూడు నెలలు టవళ్లు మడతపెడుతూ, నీళ్ల గిన్నెలు మారుస్తూ గోళ్ల పని నేర్చుకోవాలి. ఆ తర్వాత ఆమె తన చేతులే నాకు ఇస్తుంది. పని నచ్చితే కుర్చీ నాది. లేకపోతే ఇంటికి టికెట్. నేనేమో బ్యూటీషియన్ ఉద్యోగానికి పోతున్నానని గల్లీ గల్లీకీ చెప్పి వచ్చాను. అంతకుముందు ఏడాది మూడు నెలలకే తిరిగొచ్చిన ఒకాయనకు ‘రిటర్న్ టికెట్’ అని పేరు పెట్టింది కూడా నేనే. ఇప్పుడు నేనే తిరిగి పోతే ఆయన నన్ను ఎలా పలకరిస్తాడో తలచుకుంటేనే చెమటలు పట్టేవి.

మేడం ఎప్పుడూ ఒక మాట అనేది: ‘కస్టమర్ ముందు నీ చేతులు చూస్తుంది, ఆ తర్వాతే తన చేయి ఇస్తుంది.’ ఆ మాట విన్ననాటి నుంచి నా బొటనవేళ్లు పిడికిళ్లలోకి పోయాయి. టవల్ మడతల్లో దాచాను. చివరికి రెంటికీ ప్లాస్టర్ చుట్టి, మొదటి వారం కత్తి గీసుకుందన్నాను, రెండో వారం తలుపులో పడిందన్నాను, మూడో వారం కూడా తలుపే అన్నాను. మేడం వ్యాన్ దగ్గరికి పోయి, ‘మీ ఇంట్లో ఎన్ని తలుపులున్నాయి?’ అని మామూను అడిగిందట. మామూ అమాయకంగా ‘రెండే మేడం’ అన్నాడట.

నాకు పని నేర్పుతున్నది ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ. అందరూ ఆమెను ఆతె అని పిలిచేవాళ్లు, వాళ్ల భాషలో అక్క అని. గాట్లు పడ్డ గోళ్లతో ఎవరైనా వస్తే ఆమె మెత్తని బఫర్‌తో రెండంటే రెండు సార్లు తేలిగ్గా రుద్ది, గాట్లు పూడ్చే బేస్ కోట్ ఒక పొర వేసి, పైన రంగు వేసేది. గోరు అద్దంలా అయిపోయేది. పరీక్షకు వారం ఉందనగా నాకు బుద్ధి పుట్టింది. రెండు సార్లు రుద్దితేనే ఇంత బాగైతే ఇరవై సార్లు రుద్దితే ఎలా ఉంటుంది? అందులోనూ మెత్తని బఫర్ ఎందుకని, పెట్టుడు గోళ్లు అరగదీసే ముతక ఫైలు తీసుకున్నాను. రెండు రోజుల్లో గోరు ఉల్లిపొరంత పలచనైంది. గాట్లు గాట్లలాగే ఉన్నాయి, వేడి చాయ్ గ్లాసు మాత్రం పట్టుకోలేకపోయాను.

ఇక మిగిలింది బేస్ కోట్. అది ఇంటికి తెచ్చుకుంటే మామీ, అంటే మామూ భార్య, వేసుకోనివ్వలేదు. (ఆమె ఉర్దూలో అన్నదాన్ని మా ఊరి తెలుగులో రాస్తున్నాను. వజూ అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం.) “గోరు మీద ఆ పొర ఉంటె నీళ్లు తాకుతయా? వజూ ఎట్లయితది, నమాజు ఎట్ల చేస్తవ్? మెహందీ పెట్టుకోరాదు? గోరంత ఎర్రగైతది, గీతలు ఎవలకు కానొస్తయి?” ఎంత తెలివైన మాట అనుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం రెండు బొటనవేళ్లకూ మెహందీ దట్టంగా పట్టించి, ప్లాస్టిక్ కవరు చుట్టుకుని నాలుగు గంటలు కూర్చున్నాను. కడిగి చూశాను. ఫైలుతో గరుకైపోయిన గోరు రంగును ఎంత కావాలంటే అంత తాగేసింది. గాట్లు కాఫీ రంగు, గట్లు నారింజ రంగు. అంతకుముందు దగ్గరికొచ్చి చూస్తే గాని తెలియని గాట్లు ఇప్పుడు రోడ్డు అవతల నుంచి కనబడుతున్నాయి. “ఏందే ఇది, గోర్ల మీద పులిని గీసినవా?” అన్నాడు మామూ. నిమ్మకాయ రుద్దాను, పళ్ల పేస్టు రుద్దాను. పులి కదల్లేదు.

మర్నాడు ఆతె నా ప్లాస్టర్లు పీకేసింది. చూసి, నవ్వు ఆపుకోలేక స్టూల్ మీద కూలబడింది. తేరుకున్నాక నా చూపుడువేలిని తీసుకెళ్లి బొటనవేలి మీద పెట్టి, “యల్లా, డూ” అంది, ఊఁ కానియ్యి అని. నా వేలు వెంటనే గీకడం మొదలుపెట్టింది. “సీ? దిస్ ఫింగర్. ఎవ్రీడే, ఎవ్రీడే!” అంది. మొదటి వారమే కనిపెట్టిందట. మిగతా ఎనిమిదీ బాగుండి ఈ రెండే చెడ్డాయంటే వేళ్ల పనే అయి ఉంటుందని తన ఇంగ్లీషూ హిందీ కలిపి చెప్పింది. అన్నేళ్లు తాగిన పాలు గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. వాపు, చీము ఉంటే డాక్టర్ దగ్గరికే పోవాలంది. అవేవీ లేవు గనుక గోరు మొదట్లో నూనె రాసి, తోలు మీద టేపు వేసింది. ఈ గోరును ఎవరూ బాగుచేయలేరు, ఇక ఫైలు ముట్టుకోకు, పెట్టుడు గోరు అంటించకు, కొత్త గోరు రావాలి, ఆర్నెల్లు పడుతుంది అంది. నా పరీక్ష మర్నాడే.

పరీక్షనాడు మేడం దర్జాగా కూర్చుని రెండు చేతులూ చాపింది. అప్పుడు తెలిసింది నాకు, మన బొటనవేలు పైకి రాకుండా ఎదుటివాళ్ల వేలు పట్టుకోవడం కుదరదని. చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య బీడీ పట్టుకున్నట్టు మేడం వేలిని పట్టుకున్నాను. ఆమె నా చేయి తిప్పి, టేపు తీసి చూసింది. “షినూ హాదా? ఏమిటిది?” అంది. ఆ గాభరాలో నా చూపుడువేలు ఆమె కళ్లెదుటే గీకడం మొదలుపెట్టింది! మేడం ఆ వేలిని గట్టిగా పట్టుకుని ఆపి, ఇలాంటి గోళ్లతో కస్టమర్ వస్తే ఏం చేస్తావని అడిగింది. ఏడుస్తూనే చెప్పాను. ముతక ఫైలు దూరంగా పెడతాను, ఎందుకంటే నేను ముట్టుకున్నాను. మెహందీ పెట్టనివ్వను, ఎందుకంటే నేను పెట్టుకున్నాను. అబద్ధాలాడితే నమ్మను, ఎందుకంటే మా ఇంట్లో తలుపులు రెండే. ఆతె సీసాలు సర్దుతున్నట్టు అటు తిరిగి నిలబడింది, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

మేడం నవ్వలేదు. నా గోరు మీది రంగు చూపించి, ‘ఇదంతా పైకి పెరిగి, కత్తిరించేదాకా టవళ్లు మడతపెట్టు. వెనకాల గోరు నున్నగా వస్తే కుర్చీ నీది. మళ్లీ గాటు పడితే ఖలాస్, మీ మామ వ్యాన్లో ఎయిర్‌పోర్టుకే’ అంది. (ఎయిర్‌పోర్టు మన ఇంటి పక్కనే కదా, ట్రాఫిక్ కూడా ఉండదు అని మామీ నన్ను ఓదార్చింది.)

ఆనాటి నుంచి నా నౌకరీ గోరు వేగంతో నడిచింది. ప్రతి ఆదివారం మేడం నా బొటనవేళ్లను దీపం కింద పెట్టి, మెహందీ ఎంత పైకి జరిగిందో చూసేది. చేతికి పని ఉండాలని మామీ తన తస్బీహ్, అంటే జపమాల, ఇచ్చింది. దిగులు పుట్టినప్పుడల్లా పూసలు తిప్పాను. భక్తి కన్నా భయం వల్ల అల్లాను ఎక్కువ తలచుకున్న రోజులవి. మూడో నెలలో అమ్మకు ఆపరేషన్ అని ఫోన్ వచ్చింది. ఆ వారం టేపు ఎప్పుడు ఊడిందో, వేలు ఎప్పుడు గీకిందో నాకు తెలియనే తెలియదు. కొన్ని వారాలకు నున్నని కొత్త గోరు మీద ఒక గాటు తోలు కిందనుంచి నింపాదిగా బయటికొచ్చింది. ఇక సామాను సర్దుకోవడమే అనుకున్నాను.

ఆ ఆదివారం మేడం ఆ గాటు మీద వేలు పెట్టి, “ఇది ఏ వారం?” అంది. “అమ్మకు ఆపరేషన్ అయిన వారం” అన్నాను. ఆమె నా చేయి వదలకుండానే, “ఇప్పుడు అమ్మ ఎలా ఉంది?” అని అడిగింది. బాగుందన్నాను. కొత్త టేపు తెప్పించి తనే నా వేలికి చుట్టింది. అన్ని తిట్లకూ ఏడ్చినదాన్ని, ఆ టేపుకు ఏడ్చినంత ఎప్పుడూ ఏడవలేదు. మరో మూడు నెలలకు చివరి నారింజ ముక్కను ఆతె కత్తిరించిన రోజు, మేడం వచ్చి నా ఎదుట కూర్చుని చేయి చాపింది. ఈసారి బీడీలా పట్టుకోలేదు.

ఇప్పుడు జగిత్యాలలో నాకూ ఒక చిన్న పార్లర్ ఉంది. పిడికిళ్లు బిగించుకుని వచ్చే అమ్మాయిలను నేను వాకిట్లోనే గుర్తుపడతాను. ఫైలు ముట్టుకోను. కూర్చోబెట్టి, “ఏం దిగులు బిడ్డా?” అని అడుగుతాను. మొన్న ఒక ఇంటర్ పిల్ల కాలేజీ కష్టాలన్నీ ఏకరువు పెడుతూ ఉన్నట్టుండి ఆగి, “అక్కా, నువ్వు గూడ గీకుతున్నవ్!” అంది. చూసుకుంటే నిజమే. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ పిల్ల వేలికి నేను టేపు చుట్టాను, నా వేలికి ఆ పిల్ల చుట్టింది.