మిరుగం నాటి జెల్ల

షాద్‌నగర్‌లో నా హోటల్ చిన్నది, పేరు మాత్రం పెద్దది. ఆ పేరంతా కృష్ణ జెల్లల పులుసుది. ఆ మీసాల చేపలు తెచ్చేది నా తమ్ముడు. కృష్ణ ఒడ్డున సోమశిల రేవులో పడవ ఒడ్డుకు రాగానే కొంటానని చెప్పేవాడు. నేను అదే మాట తినేవాళ్లకు చెప్పేదాన్ని. సముద్రపు చేప నా గిన్నెలోకి రాదని ఎంతమందితో పందేలు కాశానో.

మొన్న మిరుగం, అదే మృగశిర కార్తె, వచ్చింది. ఆ రోజు మా దిక్కు చేప వండని ఇల్లు అరుదు. ఎప్పుడూ తలలు తీయించి తెచ్చే తమ్ముడు ఆ పొద్దు తొందరలో తలలతోనే దించాడు. చేపలు కోసే ఆమెది కోస్తా. ఆమె ఒక జెల్ల నోరు తెరిచి చూసి ఆగిపోయింది. లోపల గోలీలంత గుడ్లు.

"ఇది సముద్రపు జెల్లండి, మగది. గుడ్లు పిల్లలయ్యేదాకా నోట్లోనే దాచుకుంటాది. అన్నాళ్లూ తిండి తినదు. ఏటి జెల్ల ఇలా చెయ్యదండి," అంది.

ఏరు సముద్రంలో కలిసే చోట, బురద అడుగున ఇవి రొయ్యల్నీ పీతల్నీ వెతుక్కుని తింటాయట. దీని పొట్ట కోసి చూపించింది. ఖాళీ.

తమ్ముడిని పిలిచి అడిగాను. వాడు దాచలేదు.

"కోస్తాకెల్లి ఐసుల వస్తయక్కా. మూడేండ్ల సంది గివే. ఎవలన్న గుర్తువట్టిన్రా? నువ్వు గూడ తిన్నవ్ గదా."

తిన్నాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. అమ్మ పోయాక వాడికి అన్నం కలిపి పెట్టింది నేనే. చెంప పగలగొట్టాలనిపించింది, ఏడుపూ వచ్చింది. వీడికంటే ఆ మగ జెల్ల నయం.

బయట బెంచీలు నిండిపోయాయి. పులుసు పెట్టాలి, లేదంటే చేపలన్నీ పారబోయాలి. పెట్టాను.

మొదటి పళ్లెం ప్రతి మిరుగానికీ వచ్చే ముసలాయనది. కృష్ణ ఒడ్డున ఆయన ఊరు శ్రీశైలం నీళ్లలో మునిగిపోయింది. ముక్క నోట్లో పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"కృష్ణ చేప కృష్ణ చేపే, బిడ్డా. మా ఊరు యాదికొస్తాంది."

చెప్పేద్దామనుకున్నాను. ఆయన పళ్లెం ముందుకు జరిపాడు. ఇంకో ముక్క వేశాను.