కాకికి రెండో ముద్ద

మా కోనసీమవాళ్లకి కొండ ఎక్కడం రాదు. కాలవ గట్టు ఎక్కితేనే నడుం మీద చెయ్యి వేసుకుని ఆయాసపడే జాతి మాది. అలాంటి మేం నలుగురం, నాకు పదమూడో ఏడు నడుస్తుండగా, పోలవరానికి ఎగువన గోదావరి ఒడ్డునున్న ఒక కొండ ఎక్కి, దానిమీది మఠం చూసి, అదే రోజు దిగి వచ్చాం. భక్తితో వెళ్లామనుకునేరు. మా అమ్మ తలమీద జుట్టు ఉండాలా తియ్యాలా అన్నది తేల్చుకోవడానికి వెళ్లాం.

నేను పాకుతూ ఉన్న రోజుల్లో మా నాన్న కాశీకి బయలుదేరాడు. కూడా వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు, ఆయన రాలేదు. దారిలో వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే ఒక సత్రంలో దించి తాము ముందుకు సాగిపోయామనీ, తిరుగుప్రయాణంలో అడిగితే అక్కడ ఎవరికీ ఏమీ తెలియలేదనీ చెప్పారు. పోగా చూసినవాడు లేడు, ఉండగా చూసినవాడూ లేడు. ఇలా జాడ తెలియనివాడి కోసం పన్నెండేళ్లు చూడమంటుంది మా ఆచారం. ఆ గడువు దాటితే దర్భలతో మనిషి బొమ్మ చేసి, దాన్నే శవమనుకుని దహనం చేసి, కర్మలన్నీ జరిపిస్తారు. పదో రోజున భార్యకి గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, మంగలిని పిలిపించి తల గొరిగిస్తారు. ఆ తరవాత బతికినన్నాళ్లూ ముతక తెల్లచీర, దాని కొంగు బోడితల మీద ముసుగు. నాన్నని కన్నతల్లి, మా మామ్మ, తాతగారు పోయినప్పటి నుంచీ అలాగే ఉండేది.

ఆ ఏడు గడువు నిండింది. నాన్నకి అన్నగారైన మా పెదనాన్న బొమ్మని కాల్చే రోజు నిర్ణయం చేయించారు. ఆయన చెడ్డవాడు కాదు. ఇలాంటివి చెప్పేటప్పుడు పెదనాన్న అనగానే జనం ఇంకోలా అనుకుంటారు గనక ఈ మాట ముందే అనేస్తున్నాను. ఆయన బెంగంతా తమ్ముడి గురించే. కర్మ జరగనివాడు చుక్క నీరు దొరక్క తిరుగుతాడని ఆయన గట్టి నమ్మకం. విస్తరి ముందు కూర్చుని, గ్లాసు ఎత్తి, తాగకుండానే దించేసి, "వాడికి దాహం వేస్తోందేమోనర్రా" అని కళ్లు తుడుచుకునేవారు.

అమ్మకి అప్పటికి ముప్పయ్యేళ్లు ఉంటాయేమో. జుట్టు మోకాళ్లు దాటుతుందని ఊళ్లో గొప్పగా చెప్పుకునేవారు. అంత లేదు గాని, నడుము దాటేది. మామ్మకీ ఆవిడకీ పడేది కాదు. పప్పులో ఉప్పు ఎక్కువైతే మామ్మ, "మీ పుట్టింటివారు ఉప్పు కొఠారులో కాపరం పెట్టారుటే?" అనేది. అమ్మ మారు పలికేది కాదు. మర్నాడు పప్పులో అసలు ఉప్పే ఉండేది కాదు.

బొమ్మ మాట ఇంట్లో నలుగుతుండగా, ఎగువ నుంచి వెదురు తెప్పలు తెచ్చేవాళ్లు ఒక కబురు చెప్పారు. పోలవరం దాటాక ఒక కొండమీద బైరాగుల మఠం ఉందట. అందులో చాలా ఏళ్ల కిందట కాశీ వైపు నుంచి వచ్చిన మౌని ఒకాయన ఉన్నాడట. కబురు అంతే. కానీ మామ్మ వదిలిపెట్టలేదు. "చూడకుండానే నా కొడుకుని గడ్డిబొమ్మ చేసి తగలేస్తావుట్రా?" అని పెదనాన్నని పట్టుకుంది. ఆయన కూడా, శంక ఉంచుకోవడం ఎందుకు, చూసే వద్దాం అన్నారు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. నాన్న ఎడమచేతి చిటికెన వేలికి చివరి కణుపు లేదు. చిన్నప్పుడు మామ్మ పనసపొట్టు కొడుతుంటే పక్కన కూర్చుని చెయ్యి పెట్టాడు. "కత్తి నా చేతిలోదే నాయనా" అని మామ్మ నాకెన్నిసార్లు చెప్పిందో. నాన్న మొహం నాకు గుర్తులేదు. ఆ వేలే నాకు నాన్న.

కాలవ పడవలో ధవళేశ్వరం, అక్కణ్ణుంచి మరో పడవలో పోలవరం చేరి, చుట్టాలింట పడుకుని, తెల్లవారుతూనే చిన్న పడవ కట్టించుకుని బయలుదేరాం. కొండ మొదట్లో మమ్మల్ని దింపి, కాలిబాట చూపించి, పడవ అతను అక్కడే ఉండిపోయాడు. బాట అంతా వెదుళ్లూ రేగుకంపలూ. కాలికింద రాయి జారితే కింద నీళ్లదాకా చప్పుడు వినపడేది. పెదనాన్న అడుగడుక్కీ నారాయణా అంటూ ముందు నడిచారు. మామ్మ మడి కట్టుకుని, మరచెంబూ మినపసున్నుండల మూటా చేత్తో పట్టుకుని, ఎవర్నీ అంటుకోకుండా నడిచింది. అమ్మ అందరికన్నా వెనక. బావగారి ఎదుట నోరు విప్పడం మా ఇళ్లలో లేదు. ఇంట్లో అయితే తలుపు చాటు నుంచి మాట్లాడేది. కొండమీద తలుపు లేదు గనక ఆ తలుపు నేనయ్యాను. "మీ పెదనాన్నగారిని కాస్త నీడన కూచోమను" అని నాతో అనేది. ఆయనకి వినపడుతూనే ఉండేది. నేను మళ్లీ చెప్పేవాణ్ణి. ఆయన నాతో "సరేలే అను" అనేవారు.

సగం దారిలో అమ్మ జడ ఒక రేగుకంపకి తగులుకుంది. ఇటు లాగితే అటు, అటు లాగితే ఇటు. అమ్మ విసిగిపోయి, "తెంపేస్తానండీ అత్తయ్యగారూ. నాలుగు రోజులు పోతే ఎలాగూ..." అని ఆగిపోయింది. మామ్మ వెనక్కి తిరిగింది. చెంబూ మూటా రాతిమీద పెట్టి, మడి సంగతి మర్చిపోయినట్టు వచ్చి, ఒక్కొక్క వెంట్రుకే ముల్లు నుంచి తప్పించడం మొదలుపెట్టింది. పొద్దెక్కుతోంది, పెదనాన్న పైనుంచి కేకేస్తున్నారు. మామ్మ వినిపించుకోలేదు. "కదలకు" అంది అమ్మతో. అంతా విడిపించాక జడ అరచేతిలోకి తీసుకుని, బరువు చూస్తున్నట్టు కాసేపు అలా పట్టుకుని, వదిలేసింది.

మఠమంటే పెద్ద కట్టడం కాదు. రాతిని తొలిచిన గుహ, దాని ముందు తాటాకు పందిరి, బైరాగులు ఆరనివ్వకుండా ఉంచే ధుని, పక్కన సన్నటి ఊట. ముసలి బైరాగి ఒకాయన వచ్చీరాని తెలుగులో మమ్మల్ని కూర్చోమని, పందిరి చివర చూపించాడు. మౌని అక్కడ ఉన్నాడు. జడలు కట్టిన జుట్టు, రొమ్ము మీదికి గడ్డం, ఒళ్లంతా బూడిద. కాళ్లు మడుచుకుని కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద బోర్లించి ఉంచాడు. నేను మొహం చూడలేదు. నేరుగా ఎడమచేతి కేసి చూశాను.

వేలు నిండుగా ఉంది. గోరుతో సహా ఉంది.

పక్కకి చూస్తే అమ్మ కూడా ఆ చేతినే చూస్తోంది. నిలబడ్డచోటే చిన్నదైపోయినట్టు అనిపించింది. పెదనాన్నా చూశారు. ఆయన మెల్లగా, "అమ్మా, చెయ్యి..." అన్నారు.

"చూశాను," అంది మామ్మ. "వీడే. నా కొడుకే."

"అమ్మా, నువ్వోసారి సరిగ్గా..."

"వాణ్ణి కన్నది నేనా నువ్వా?"

ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేనేదో అనబోయాను. మామ్మ నా మణికట్టు పట్టుకుంది. మర్నాటికి అక్కడ కమిలింది. అలా పట్టుకునే ఆ మౌని ముందు కూలబడి, మూట విప్పి, ఒక సున్నుండ ఆయన చేతిలో పెట్టి, "తిను నాయనా. ఎంత చిక్కిపోయావురా" అంది. ఆయన మామ్మ బోడితల కేసి చూశాడు. వెనక నిలబడ్డ అమ్మ కేసి చూశాడు. ఆయనకి తెలుగు వచ్చో రాదో నాకు తెలియదు. కాదని తల ఊపితే చాలు, అంతా అయిపోయేది. ఆయన ఊపలేదు. ఉండ మొత్తం, పొడి కూడా రాలనివ్వకుండా, మెల్లగా తిన్నాడు.

కొండ దిగేటప్పుడు మామ్మ అందరికన్నా ముందు దిగింది. ఒడ్డుకి రాగానే పడవ ఎక్కకుండా, కట్టిన చీరతోనే గోదాట్లోకి దిగి తలదాకా మునిగింది. చావు కబురు వింటే చేసే స్నానం అది. "ఈ వేళప్పుడు స్నానం ఏంటండీ మామ్మగారూ?" అన్నాడు పడవ అతను. "ఎండ నాయనా, ఎండ" అంది. మునిగి, లేచి, మళ్లీ మునిగింది. నీళ్లలో ఉన్నంతసేపూ మొహం మీద ఏవి నీళ్లో ఎవరికి తెలుస్తుంది! పెదనాన్న చూస్తూ నిలబడి, ఉత్తరీయం తీసి ఒడ్డున పెట్టి, ఆయనా దిగారు. నన్నూ చెయ్యి పట్టుకుని దింపారు. అమ్మ మాత్రం దిగలేదు. దిగితే విధవ అయినట్టే. పాదాలు తడిసేదాకా వచ్చి, గాజుల చేతులు రెండూ కట్టుకుని, మేం ముగ్గురం మునగడం చూస్తూ నిలబడింది. తన మొగుడి చావుకి స్నానం లేనిది ఆవిడ ఒక్కతే.

ఊళ్లో ఇంక మాటే లేదు. కన్నతల్లి గుర్తుపట్టిందంటే కాదనేవాడెవడు? బతికి ఉన్నవాడికి కర్మ చెయ్యడం మహాపాపమని పురోహితుడుగారే బొమ్మ మాట మాన్పించేశారు. అమ్మకి జుట్టు మిగిలింది, గాజులు మిగిలాయి. నాన్నకి నీళ్లు లేకుండా పోయాయి. నాకు ఈ ఆచారాల మీద సగం నమ్మకం, సగం కోపం. కాని వాళ్లు ముగ్గురూ పూర్తిగా నమ్మినవాళ్లు. కొడుకు ఎక్కడో నాలుక పిడచగట్టి తిరుగుతున్నాడని నమ్ముతూనే మామ్మ ఆ మాట అంది. పెదనాన్న మళ్లీ ఎప్పుడూ దాహం ఊసెత్తలేదు. గ్లాసు దించి కూర్చోవడం మాత్రం మానలేదు.

రోజూ వంట అయ్యాక కాకులకి ముద్ద పెట్టేది మామ్మ. ఆ కొండ తరవాత గోడమీద రెండు ముద్దలు కనపడేవి. ఒకటి తాతగారిదని తెలుసు. రెండోది ఎందుకని మా పక్కింటావిడ అడిగితే, "కాకులు ఎక్కువయ్యాయి" అంది. శనివారాలు అమ్మకి తలంటి, చిక్కు తీసే పని కూడా తనే పెట్టుకుంది. వెనక మామ్మ, ముందు అమ్మ, పెరటి అరుగుమీద ఇద్దరూ ఏడ్చేవారు. ఎవరైనా వస్తే, "చిక్కు తీస్తుంటే నొప్పిగా ఉందిట" అనేది మామ్మ. తనకెందుకు ఏడుపో ఎవరూ అడిగేవారు కాదు. పప్పులో ఉప్పు గురించి మాత్రం చివరిదాకా దెబ్బలాడుకుంటూనే ఉన్నారు.

మామ్మ పోయేముందు నన్ను దగ్గరికి పిలిచి, "మీ అమ్మ ఉన్నన్నాళ్లూ వాడికి నీళ్లు వదలకు. అది వెళ్లాక వదులు. మర్చిపోకేం" అంది. నేను సరేనన్నాను. ఎంత సులువుగా అన్నానో. అమ్మ చావాలి, అప్పుడు గాని నాన్నకి దాహం తీరదు. అమ్మ పుణ్యస్త్రీగా, నిండు నూరేళ్లూ ఉండాలని ఎవరైనా దీవిస్తే నాకు ఒళ్లు మండేది, వెంటనే నామీద నాకే అసహ్యం వేసేది. మామ్మ పోయాక గోడమీద ముద్దలు అమ్మ పెట్టింది. మూడు పెట్టింది.

అమ్మ పెద్దదయ్యే పోయింది. జుట్టు నెరిసింది, పలచబడింది, కాని ఉంది. ఊరి ముత్తైదువలు వచ్చి తలదువ్వి, పూలు పెట్టి, ఎంత అదృష్టవంతురాలో అనుకుంటూ పసుపూ కుంకుమా పంచుకున్నారు. ఆవిడ కర్మ పూర్తయిన నెలకి పురోహితుణ్ణి పిలిచి, నాన్నకి దర్భబొమ్మ చెయ్యాలన్నాను. ఆయన తెల్లబోయి, "మీ నాన్నగారు కొండమీద ఉన్నారుటగా?" అన్నాడు. లేరన్నాను.

గోదావరి ఒడ్డున బొమ్మ కాలింది. ఎంతసేపో కాలలేదు, గడ్డి గదా. కర్మ రోజున పిండం పెట్టి, పక్కన దొప్పలో నీళ్లు పోసి, అందరం దూరంగా నిలబడ్డాం. కాకి రాలేదు. చెట్టుమీద ఉంది, దిగడం లేదు. ఏదో కోరిక మిగిలింది, అడగండి అన్నాడు పురోహితుడు. పిల్లల్ని చూసుకుంటానని చెప్పమన్నారు పక్కనున్నవాళ్లు, కాశీ వెళ్తానని చెప్పమన్నారు. నేను ముందుకెళ్లి, పెదనాన్న కొడుకులూ ఊరివాళ్లూ అందరూ వింటుండగా అనేశాను. "నాన్నా, అక్కడున్నది నువ్వు కాదని మాకు ఆ రోజే తెలుసు. మామ్మకి అందరికన్నా ముందు తెలుసు. అమ్మ జుట్టు కోసం నిన్ను ఇన్నేళ్లూ ఎండగట్టాం" అన్నాను.

కాకి దిగింది. పిండం దగ్గర వాలింది గాని దాన్ని ముట్టుకోలేదు. పక్కకి గెంతి, దొప్పలో ముక్కు ముంచి, ముందు నీళ్లు తాగింది.