టేపు మాస్టారి కుర్చీలు

మనిషికీ మనిషికీ మధ్య ఎడం కనిపిస్తే చాలు, మనస్తత్వశాస్త్రం ప్రొఫెసరుగారి చెయ్యి జేబులోని టేపు మీదికి పోయేది. క్యాంటీను, బస్సు, చివరికి లిఫ్టు కూడా వదిలేవారు కాదు. అందరికీ ఆయన టేపు మాస్టారు.

"సోఫాలో కాస్త ఎడంగా కూర్చుంటే 'ఇవాళ నీకు మూరెడు కోపం' అంటారమ్మా," అని ఆయన భార్య సహాయకురాలి దగ్గర వాపోయింది.

"టేపుండగా మూరలెందుకండీ?"

"ఇంట్లో టేపు దాచేశానుగా!"

సహాయకురాలు నల్లజాతి అమ్మాయి. ఆ శాఖలో ఆ రంగు మనిషి ఆమె ఒక్కతే. పరిశోధన కూడా ఆ రంగు మీదే. ప్రయోగానికి వచ్చినవాళ్ళకి ఆమె ఫోటో చూపించి, ఈమెతో మాట్లాడటానికి రెండు కుర్చీలు వేసి బయట ఆగమనేవారు. ఆ ఎడమే వాళ్ళ వివక్షకు కొలత.

"నోటితో అడిగితే అందరూ దేవుళ్ళే," అనేవారు మాస్టారు.

కొలిచేటప్పుడు మాత్రం ఆమెను గదిలోకి రానిచ్చేవారు కాదు. "నీ ఊపిరికి టేపు ఊగుతుందమ్మాయ్, పో!"

తరువాత ఆమె వెళ్ళేసరికి కుర్చీలు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా ఉండేవి. బస్సులో తన పక్క సీటు ఖాళీగా మిగిలినా, అద్దెకిస్తామన్నవాళ్ళు మొహం చూసి మాట మార్చినా, ఆ కుర్చీలే తలచుకునేది. చదువుకి ఇక్కడికి రానా అని చెల్లెలు అడుగుతోంది. రమ్మందామనుకుంది.

ఒక వానరోజు, ప్రయోగానికి వచ్చిన పెద్దమనిషి ఆమెతో మాట్లాడటానికి లోపలికి వస్తూ గుమ్మంలో ఆగిపోయాడు. "నా కుర్చీ కిటికీ దగ్గర వేశానే! ఇక్కడికెలా వచ్చింది?"

"కుర్చీకి నాలుగు కాళ్ళున్నాయి కదండీ!" అన్నారు మాస్టారు.

అంతవరకూ ఎవరూ ఆ మాట పైకి అడగలేదు. ఆ పెద్దమనిషి వెళ్ళేదాకా ఆమె ఓపిక పట్టింది.

"రోజూ మీరే జరుపుతున్నారా సార్?"

"కొలత రాశాక ఎటు జరిపితేనేం? అయినా రోజూ కాదు. మొన్న ఒకావిడ దగ్గరగానే వేసింది."

"ఇవి చూసే చెల్లెల్ని రమ్మనబోయాను!"

ఆయన మొహం పాలిపోయింది. "నువ్వు చూడకూడదనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదమ్మాయ్."

తరువాతి మనిషి కుర్చీలు వేసి బయటికొచ్చాడు. ఈసారి మాస్టారితో పాటు ఆమె కూడా లోపలికి నడిచింది. ఒక కుర్చీ గోడకు ఆనుకుని ఉంది. ఆయన కొలిచి, రాసుకుని, అలవాటుగా వంగబోయారు.

"ఆగండి, నడుం పట్టేస్తుంది." ఆ కుర్చీని తనే బరబరా ఈడ్చుకొచ్చి కూర్చుంది.

"మరి చెల్లెలికి?" భయంభయంగా అడిగారు.

"ఉన్నదున్నట్టు చెప్పి, రమ్మంటాను సార్. కుర్చీలు లాగడంలో అది నాకంటే గడుసుది."