సొరపందిరి హద్దు, మార్మలేడ్ ఆంటీ నెత్తి

ఇది రెండు రాజ్యాల సరిహద్దు పోరాట గాథ. ఇందులో ఒక గ్రామం, ఒక శిల, ఒక వీరనారి తల ఉన్నాయి. (రాజ్యాలంటే అమెరికాలో హెర్న్‌డన్ అనే ఊళ్లో మా పెరడు, దాని వెనక కాలనీవాళ్ల ఉమ్మడి గడ్డి. పోరాటం ఒక ఉత్తరంతో మొదలై పారతో ముగిసింది. ఎవరికీ ఏమీ కాలేదు.) ఆ రోజుల్లో నాకు పదకొండేళ్లు. చరిత్ర అనేది ఎక్కడో వేరేవాళ్లకి జరుగుతుందనుకునేదాన్ని. మా కాలనీలో ఇళ్లన్నీ ఒకటే రంగు కాబట్టి ఇక్కడ జరగడానికి ఏమీ లేదని నా నమ్మకం.

పక్కింట్లో మార్మలేడ్ ఆంటీ ఉండేది. ఎనభై దాటినావిడ ఆంటీ ఏమిటని అడక్కండి, మాకు బంధువులు కాని ఆడవాళ్లందరికీ అదొక్కటే పదవి. ఆవిడ ఇంగ్లండులో ఒక పల్లెటూళ్లో పుట్టి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చింది. ఆవిడ సీసాలో మార్మలేడ్, అంటే నారింజ తొక్కల జామ్, పంపితే, ఖాళీ సీసా తిరిగివ్వకూడదని అమ్మ అందులో పులిహోర పెట్టేది. అది చూసి ఆవిడ మళ్లీ మార్మలేడ్. అలా ఒకే సీసా మూడేళ్లు తిరిగింది. "పెద్దవాళ్లని అడిగి వాళ్ల ఊరి చరిత్ర రాయండి" అని స్కూల్లో చెప్పినప్పుడు నేను ఆవిడ దగ్గరికే వెళ్లాను. (తాతయ్యకి ఫోన్ చేస్తే ముందు నా మార్కులు అడిగేవారు.)

వాళ్ల ఊళ్లో ఒకటే చేతిపంపు, ఒకటే కొట్టు. ఆ కొట్టే పోస్టాఫీసు కూడా కాబట్టి ఉత్తరాలన్నీ చీజ్ వాసన కొట్టేవట. ఊరి మ్యాప్ ఉందా అంటే, "మ్యాప్ ఎందుకు, మా తలలున్నాయిగా" అంది. ఏటా వసంతంలో ఊరంతా చర్చి ఫాదరు వెనక పొలిమేర చుట్టూ నడిచేవారట. ప్రతి హద్దురాయి దగ్గరా ఒక పిల్లవాణ్ణి తలకిందులుగా ఎత్తి, నెత్తిని రాయికి మెల్లగా తాకించేవారట, యాభై ఏళ్ల తర్వాత తగాదా వచ్చినా వాడు మర్చిపోకుండా సాక్ష్యం చెప్పాలని. "ఆడపిల్లల్ని ఎత్తేవారు కాదు. నేను గోలపెట్టి ఎత్తించుకున్నాను. మిల్లు వెనక రాయి నాది." (తెలుగు నాది, గర్వం ఆవిడది.)

ఆ వారమే కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. అమ్మ వేసిన సొరపందిరి మా హద్దు దాటి ఉమ్మడి స్థలంలో ఉందట, పది రోజుల్లో తీసెయ్యాలట. మూడేళ్లు వరసగా చలికి చచ్చిన పాదు ఆ ఏడే మొదటిసారి పిందెలు వేసింది.

"తీసేద్దాంలే. రూల్స్ అంటే రూల్స్," అన్నారు నాన్న.

"ఆ పిందెల మీద చెయ్యి వేసి చూడండి, రేపట్నుంచి వంట మీదే," అంది అమ్మ.

"ఆంటీని అడుగుదామా? కాలనీ కట్టినప్పట్నుంచీ ఇక్కడే ఉందిగా," అన్నాను.

"ఇక్కడ ఆవిడ నెత్తి ఎవరు కొట్టారే?" అంది అమ్మ.

నేను వెళ్లి అమ్మ మాట ఇంగ్లీషులో చెబితే, ఆంటీ కర్ర పట్టుకుని వచ్చింది. "నెత్తి కాదు, మోకాలు. వచ్చిన వారంలోనే హద్దుకి పాతిన కడ్డీ తగిలి పడ్డాను," అని మచ్చ చూపించింది. మేపుల్ చెట్టు నుంచి అడుగులు లెక్కపెట్టి, ఒకచోట కర్ర దించింది. నాన్న పారతో తవ్వారు. జానెడు లోతులో టంగుమంది. తుప్పుపట్టిన ఇనపకడ్డీ. మా కాలనీకీ చరిత్ర ఉందన్నమాట!

తర్వాత అందరం పందిరి వైపు చూశాం. దాని గుంజలు కడ్డీకి రెండడుగులు అవతల ఉన్నాయి.

"మూసెయ్యండి," అంది అమ్మ, తెలుగులో.

ఆంటీకి తెలుగు రాదు, అమ్మ ముఖం చదవడం వచ్చు. "అబద్ధం చెప్పడానికి నెత్తి కొట్టించుకోలేదమ్మా నేను. పాదు మొదలు మీ వైపే ఉందిగా, తీగని నా కంచె మీదికి మళ్లించు. కంచె నా హద్దులోనే ఉంది."

పందిరి పోయింది, పిందెలు బతికాయి. ఆ శీతాకాలం సీసాలో సొరకాయ మార్మలేడ్ వచ్చింది. మర్యాద కోసం నాన్న తిన్నారు.

గొయ్యి పూడ్చేముందు నన్నూ తలకిందులుగా ఎత్తమని అడిగాను. "నడుం పట్టేస్తుందిరా," అన్నారు నాన్న. నేనే వంగి కడ్డీకి నుదురు ఆనించాను. "ఇక సాక్షివి నువ్వే," అంది ఆంటీ. నుదుటి మట్టి రెండ్రోజులు కడుక్కోలేదు.

ఆంటీ పోయి నాలుగేళ్లయింది. మొన్న సెలవులకి ఇంటికెళ్తే, ఆ ఇంట్లో దిగిన కొత్తవాళ్లు కంచె మారుస్తున్నారు. పిలవని సాక్షిగా వెళ్లి, మేపుల్ నుంచి అడుగులు లెక్కపెట్టి, చెయ్యి చాపి చూపించాను. వాళ్లాయన చేతిలో కాగితం చూసుకుని, "యా, కరెక్టే," అన్నాడు. ఇళ్ల హద్దుల కాగితాలు కౌంటీ ఆఫీస్ కౌంటర్‌లో ఎవరడిగినా ఇస్తారు. పది నిమిషాల పని. అప్పుడూ ఇచ్చేవారట.